రెపోకు ముడిపెట్టిన ఇంటి అప్పు: పర్లాకిమిడి నుంచి ఒక రుణగ్రహీత సమీక్ష

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇల్లు కట్టుకోవడానికి 2021లో ఒక బ్యాంకు శాఖ నుంచి నేను రెపోరేటుతో, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పుపై రిజర్వు బ్యాంకు వేసే వడ్డీతో, ముడిపడిన గృహరుణం తీసుకున్నాను. తీసుకున్నది 20 లక్షలు, గడువు 20 ఏళ్లు. అప్పటి వడ్డీ 6.85 శాతం. అది 9.35 దాకా ఎక్కి, మళ్లీ 8.10కి దిగింది. ఎక్కడమూ దిగడమూ రెండూ అనుభవించిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. ఈ రుణం స్వరూపాన్ని నిర్ణయించేవి చాలావరకు రిజర్వు బ్యాంకు నిబంధనలే కాబట్టి, ఏ బ్యాంకు గడప తొక్కినా సరుకు దాదాపు ఇదే ఉంటుంది. అందువల్ల బ్యాంకు పేరుతో నాకు పనిలేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇంతవరకు మన దేశంలో సామాన్యుడికి దొరికిన ఇంటి అప్పుల్లో ఇది అన్నిటికన్నా నిజాయితీ గలది. అయితే దీన్ని అమ్మే శాఖలు దీని గురించి చెప్పవలసినంత చెప్పడం లేదు. ఆ లోపం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు.

లెక్క చాలా తేలిక. రిజర్వు బ్యాంకు ప్రకటించే రెపోరేటుకు బ్యాంకు తన వంతుగా కొంత శాతం కలుపుతుంది. ఈ కలిపేదాన్ని స్ప్రెడ్ అంటారు. నా ఒప్పందంలో అది 2.85. రెపో 4 శాతం ఉన్నప్పుడు నా వడ్డీ 6.85 కావడానికి కారణం అదే. రెపో మారితే మూడు నెలలకు ఒకసారైనా నా వడ్డీ మారి తీరాలి. స్ప్రెడ్‌ను మాత్రం బ్యాంకు తన ఇష్టానుసారం పెంచడానికి వీలులేదు. రెపో వంటి బయటి కొలమానానికి వడ్డీని ముడిపెట్టే ఈ పద్ధతి 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు చలన (మారుతూ ఉండే) వడ్డీపై ఇచ్చే కొత్త గృహరుణాలన్నిటికీ తప్పనిసరి అయింది. రెండు నెలలకు ఒకసారి జరిగే, రెపోను నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ సమావేశం తరువాత గవర్నరుగారు ఉదయం పది గంటలకు ప్రకటన చదువుతుంటే, నా కిస్తు ఏమవుతుందో కాగితం మీద నేనే వేసుకోగలను. బ్యాంకును అడగనక్కరలేదు. ఈ ఒక్క గుణమే ఈ రుణానికి పెద్ద బలం.

దాని విలువ తెలియాలంటే అంతకు ముందున్న పద్ధతులు చూడాలి. మా అన్నయ్య 2007లో ఇంటి అప్పు తీసుకున్నప్పుడు బీపీఎల్ఆర్ అనే రేటు ఉండేది. అది బ్యాంకు తనకు తానుగా ప్రకటించుకునే రేటు. 2008 సెప్టెంబరులో మన దువ్వూరి సుబ్బారావుగారు రిజర్వు బ్యాంకు గవర్నరుగా బాధ్యత తీసుకున్న పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలిపోయింది. అప్పటికి 9 శాతంగా ఉన్న రెపోరేటును ఆయన 2009 ఏప్రిల్ నాటికి 4.75కు తెచ్చారు. అంటే దాదాపు సగానికి. ఆ తగ్గింపులో అన్నయ్య ఖాతాకు చేరింది చాలా స్వల్పం. అదే శాఖ కొత్తగా వచ్చినవారికి మాత్రం ఎంతో తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. ఆ తరువాత ధరలు పెరిగి, 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు మధ్య రెపో మెట్టుమెట్టుగా 8.50కి ఎక్కినప్పుడు, ఆ పెంపు అన్నయ్య ఖాతాకు ఆలస్యం లేకుండా చేరింది. దిగేటప్పుడు నిదానం, ఎక్కేటప్పుడు వేగం. ఆనాటి రుణగ్రహీతలందరి ఫిర్యాదూ ఇదే.

రిజర్వు బ్యాంకు ఈ సంగతి గమనించకపోలేదు. 2010 జూలైలో బేస్ రేటు, 2016 ఏప్రిల్‌లో ఎంసీఎల్ఆర్ తెచ్చింది. రెండూ బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి లెక్కకట్టే రేట్లే. ఎంసీఎల్ఆర్‌కు ఒక సూత్రం ఉన్నా, ఆ సూత్రంలో వేయవలసిన అంకెలు బ్యాంకువే. తూకపు రాళ్లు అమ్మేవాడి దగ్గరే తయారవుతున్నప్పుడు త్రాసు ఎంత మంచిదైతే ఏం లాభం? 2017లో రిజర్వు బ్యాంకు నియమించిన అంతర్గత అధ్యయన బృందం, బ్యాంకులు తమ రేట్లను లెక్కకట్టే తీరులో ఇష్టారాజ్యం ఉందని తేల్చి, బ్యాంకు చేతిలో లేని బయటి కొలమానానికే వడ్డీని ముడిపెట్టాలని సిఫారసు చేసింది. 2019 నాటి మార్పు అక్కడి నుంచి వచ్చిందే. ఇప్పటికీ పాత పద్ధతిలో అప్పు కడుతున్నవారు మన చుట్టుపక్కల ఉన్నారు. వారు తమ శాఖకు వెళ్లి రెపో పద్ధతికి మార్చమని అడగవచ్చు. అడిగితేనే మారుస్తారు.

ఇక నా ఖాతా సంగతికి వస్తాను. 20 లక్షలకు 6.85 శాతం వడ్డీతో 20 ఏళ్లకు కిస్తు 15,326 రూపాయలు. మొదటి నెల అందులో వడ్డీకి పోయింది సుమారు 11,400, అసలుకు జమ అయింది 3,900. 2022 మే 4న కమిటీ ముందుగా ప్రకటించిన తేదీ కాకుండా మధ్యలోనే సమావేశమై రెపోను 4.40 చేసింది. ఆ ఏప్రిల్‌లో దేశంలో చిల్లర ధరల పెరుగుదల 7.79 శాతం. ఉక్రెయిన్ యుద్ధం వల్ల నూనె, ఎరువులు, గోధుమ అన్నీ ఎక్కాయి. జూన్‌లో 4.90, ఆగస్టులో 5.40, సెప్టెంబరు ఆఖరుకు 5.90, డిసెంబరులో 6.25, 2023 ఫిబ్రవరిలో 6.50. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం పెరిగింది. ఇంత జరిగినా నా కిస్తు 15,326 దగ్గరే నిలిచింది. కిస్తు పెరగలేదు కదా అని నిశ్చింతగా ఉండదగిన విషయం కాదది. 2023 ఏప్రిల్ ఖాతా వివరాలు తీసి చూస్తే, ఆ నెల కట్టిన 15,326లో వడ్డీకి పోయింది 15,100 పైన. అసలుకు చేరింది రెండు వందల రూపాయలకు అటూ ఇటూ. అదే వడ్డీ, అదే కిస్తు కొనసాగితే అప్పు తీరడానికి 40 ఏళ్లు దాటుతుంది. అప్పటికి నేను ఉంటానా అన్నది వేరే మాట. ఆ కాగితం మీద అలాంటి హెచ్చరిక ఒక్క ముక్క లేదు.

శాఖ చేసినదేమిటంటే, వడ్డీ పెరిగినప్పుడల్లా నన్ను అడగకుండా గడువు పెంచుకుంటూ పోయింది. నాకు వచ్చినది ఇంగ్లిషులో ఒక చిన్న ఎస్ఎంఎస్, వడ్డీరేటు మారిందని మాత్రమే. కిస్తు పెంచమంటారా, గడువు పెంచమంటారా, కొంత అసలు ముందుగా కడతారా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను వెళ్లి లిఖితపూర్వకంగా కోరితే, మొదట కౌంటరులో ఉన్న ఉద్యోగి “సార్, కిస్తు పెరగకపోవడం మీకే మంచిది కదా” అన్నారు. ఆయన నిజంగానే అలా నమ్ముతున్నారని నాకు అర్థమైంది. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. చివరికి మేనేజరుగారు లెక్క కట్టించి, మొదటి గడువులోనే అప్పు తీరేలా కిస్తును 18,500 రూపాయల చేరువకు పెంచారు. నెలకు మూడు వేల పైచిలుకు అదనపు భారం జీతగాడికి బరువే. అయినా ఎప్పటికీ తీరని అప్పుకన్నా అది నయం.

ఇలాంటివి దేశమంతటా జరిగాయి కాబట్టే 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు దాని ప్రభావం కిస్తు మీదా గడువు మీదా ఎంత పడుతుందో రుణగ్రహీతకు చెప్పాలి. కిస్తు పెంచుకోవడం, గడువు పెంచుకోవడం, రెండూ కొంతకొంత చేసుకోవడం అనే ఎంపిక అతనికే ఇవ్వాలి. మొత్తంగానో కొంతగానో ముందే చెల్లించుకోనివ్వాలి. కిస్తు కనీసం ఆ నెల వడ్డీకైనా చాలనంతగా గడువు సాగదీయకూడదు. మూడు నెలలకు ఒకసారి ఇప్పటిదాకా కట్టిన అసలూ వడ్డీ, మిగిలిన కిస్తులూ తెలిపే కాగితం అందజేయాలి. ఈ చివరిది నాకు ఇప్పుడు అందుతోంది. అందులో “మిగిలిన కిస్తులు” అన్న గడి ఒక్కటి చూసుకుంటే చాలు, మన అప్పు ముందుకు నడుస్తోందో వెనక్కు నడుస్తోందో తెలిసిపోతుంది.

మా ఊళ్లో మరొక విశేషం ఉంది. మహేంద్రతనయ నది అవతల శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇవతల ఒడిశాలోని మా గజపతి జిల్లా. రాష్ట్రం మారితే రిజిస్ట్రేషను ఖర్చు మారుతుంది, భూమి కాగితాల భాష మారుతుంది, కార్యాలయాల తీరు మారుతుంది. రెపో మాత్రం మారదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు, అంతకు సరిగ్గా ఏడాది ముందు పనిచేయడం మొదలుపెట్టిన రిజర్వు బ్యాంకు రేటు రెండు వైపులా ఒకటే, నేటికీ అంతే. 1935 నవంబరు నుంచి 1951 నవంబరు దాకా, మధ్యలో ప్రపంచయుద్ధమూ స్వాతంత్ర్యమూ వచ్చినా, ఆ రోజుల్లో రెపో స్థానంలో ఉన్న బ్యాంకురేటు 3 శాతం దగ్గర కదలకుండా నిలిచింది. 1981లో 10కి, విదేశీ మారకం కొరతతో దేశం అల్లాడిన 1991లో 12కి ఎక్కింది. దేశం పడిన ప్రతి కష్టం ఈ ఒక్క అంకెలో జమ అవుతుంది. ఊళ్లో చేబదులు వడ్డీ సంగతి వేరు: నూటికి నెలకు రెండు రూపాయలు, అవసరం గట్టిదైతే మూడు. ఏడాదికి 24 నుంచి 36 శాతం. రెపో 9 ఉన్నప్పుడూ అదే, 4 ఉన్నప్పుడూ అదే. అక్కడ ధర నిర్ణయించేది దేశం పరిస్థితి కాదు, అప్పు అడిగేవాడి ఇబ్బంది. అలాంటి చోట బతికినవారికి, ఒక బహిరంగ సూత్రానికి కట్టుబడిన వడ్డీ ఎంత గౌరవప్రదమైనదో నేను వేరే చెప్పనక్కరలేదు.

విదేశాల్లో ఉన్న బంధువులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: అక్కడ ఒకటి రెండు శాతానికి ఇంటి అప్పు దొరుకుతుంటే మన దగ్గర ఎనిమిది, తొమ్మిది ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్నే. జపాన్ కేంద్రబ్యాంకు 2016లో రేటును మైనస్ 0.1కు దించి, 2024 మార్చి దాకా అక్కడే ఉంచింది. 2025 డిసెంబరులో 0.75కు చేర్చితే, మూడు దశాబ్దాల్లో ఇంత ఎక్కువ లేదని వార్తలు వచ్చాయి. డెన్మార్క్‌లో 2019లో యూస్కే బ్యాంకు పదేళ్ల ఇంటి అప్పును మైనస్ 0.5 శాతానికి ఇచ్చింది. అంటే తీసుకున్నదానికన్నా కాస్త తక్కువే తిరిగి కట్టడం. ఐరోపా కేంద్రబ్యాంకు డిపాజిట్ రేటు 2014 నుంచి 2022 జూలై దాకా సున్నా కిందనే ఉండి, 2023 సెప్టెంబరుకల్లా 4 శాతానికి ఎక్కింది. స్విట్జర్లాండ్ 2015లో మైనస్ 0.75 దగ్గర మొదలై, 2023లో 1.75కి వెళ్లి, 2025 జూన్‌లో తిరిగి సున్నాకు వచ్చింది.

ఆ దేశాల్లో ధరలు ఏళ్ల తరబడి దాదాపు కదలలేదు. జపాన్‌లోనైతే కొన్నేళ్లు తగ్గాయి కూడా. మన దగ్గర ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం సందుతో నిలపడమే రిజర్వు బ్యాంకుకు చట్టం అప్పగించిన లక్ష్యం. ధరలు ఏటా నాలుగైదు శాతం పెరిగే చోట, డిపాజిట్ వేసిన మన పింఛనుదారుకు అంతకన్నా తక్కువ వడ్డీ ఇస్తే ఆయన దాచుకున్నది కరిగిపోతుంది. ఆయనకు ఆరేడు ఇవ్వాలంటే నా దగ్గర ఎనిమిది తీసుకోక తప్పదు. నేను కట్టే వడ్డీలో పెద్ద భాగం మా వీధిలోనే ఉన్న ఎవరో విశ్రాంత ఉపాధ్యాయుడి ఖాతాకు చేరుతుందన్న సంగతి గుర్తుంచుకుంటే, రెపో పెరిగినప్పుడల్లా తిట్టుకోవడం తగ్గుతుంది. 2025 అక్టోబరులో చిల్లర ధరల పెరుగుదల 0.25 శాతానికి పడిపోయిన తరువాతే రెపో 5.25కు దిగింది; ధరలు శాంతిస్తే రేటు దిగడం ఇక్కడ కూడా జరుగుతుంది.

అయితే చౌక దేశం డబ్బులో అప్పు తీసుకుంటే పోదా అని తోచవచ్చు. హంగరీ, పోలండ్, క్రొయేషియా ప్రజలు 2000 తరువాతి ఏళ్లలో అదే చేశారు. తమ సొంత కరెన్సీలో వడ్డీ ఎక్కువని స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి అప్పులు తీసుకున్నారు. హంగరీవారి జీతం వారి కరెన్సీ ఫోరింటుల్లో, అప్పు ఫ్రాంకుల్లో. 2008 సంక్షోభంలో ఫోరింటు పడిపోయి అప్పు బరువెక్కింది. 2015 జనవరి 15న స్విస్ కేంద్రబ్యాంకు తన ఫ్రాంకుకు యూరోతో పెట్టిన హద్దును ఎత్తివేయగానే ఫ్రాంకు ఒక్క రోజులో ఎగసింది. హంగరీ ప్రభుత్వం అప్పటికే చట్టం చేసి అప్పులను సొంత కరెన్సీలోకి మార్పించింది కాబట్టి అక్కడివారు కొంత గట్టెక్కారు; పోలండ్‌లో కోర్టు తగాదాలు ఏళ్ల తరబడి సాగాయి. 2008 మొదట్లో 40 రూపాయల లోపే ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. ఆనాడు డాలర్లలో రెండు శాతానికి అప్పు తీసుకుని రూపాయల్లో సంపాదించినవాడి అసలే రెట్టింపుకు మించిపోయేది. తక్కువ వడ్డీ ఊరికే రాదు. ఆ తేడాను తరచు మారకపు విలువ వసూలు చేసుకుంటుంది.

రేటును రాజకీయంగా అణచి ఉంచితే ఏమవుతుందో తుర్కియే చూపించింది. ధరలు ఎగబాకుతుండగానే 2021 సెప్టెంబరులో 19గా ఉన్న రేటును డిసెంబరుకల్లా 14కు తగ్గించారు. 2022 అక్టోబరులో ధరల పెరుగుదల 85 శాతం దాటింది. 2023 ఎన్నికల తరువాత 8.5 నుంచి మొదలుపెట్టి 2024 మార్చికి 50 శాతానికి తీసుకుపోవలసి వచ్చింది. మన పొరుగున శ్రీలంక 2022 ఏప్రిల్‌లో ఒకేసారి ఏడు శాతం పెంచి, బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని 14.5కు చేర్చింది. స్వీడన్ 1992 సెప్టెంబరులో తన కరెన్సీ క్రోనాను కాపాడుకోవడానికి కొద్ది రోజులపాటు 500 శాతం పెట్టింది. వీటి పక్కన పెడితే, 2008 నుంచి ఇప్పటిదాకా 4కూ 9కీ మధ్య తిరిగిన మన రెపో నెమ్మదస్తురాలే అనాలి. నా రుణం ఎంత ఊగగలదో అంచనా వేసుకోవడానికి నేను ఆ హద్దులనే వాడుతాను: స్ప్రెడ్ కలిపి ఇంచుమించు ఏడు నుంచి పన్నెండు. ఆ పై అంకె దగ్గర కూడా కిస్తు కట్టగలిగినంత అప్పే తీసుకోవాలని, కొత్తగా అడిగేవారికి చెబుతుంటాను.

సరుకుగా చూసినప్పుడు నేను అసూయపడేది తక్కువ వడ్డీ దేశాలను చూసి కాదు, అమెరికాను చూసి. అక్కడ 30 ఏళ్లపాటు మారని వడ్డీకి ఇంటి అప్పు సర్వసాధారణం. 2021 జనవరిలో ఆ వడ్డీ సగటున 2.65 శాతం, 2023 అక్టోబరులో 7.79. మొదటి తేదీన తీసుకున్నవాడి కిస్తు రెండో తేదీన ఒక్క డాలరు కూడా పెరగలేదు. వడ్డీ తగ్గితే పాతది తీర్చి కొత్తది తీసుకునే వెసులుబాటు కూడా అతనికే ఉంది. 1938లో మొదలైన ఫ్యానీ మే, 1970లో వచ్చిన ఫ్రెడ్డీ మాక్ వంటి సంస్థలు బ్యాంకుల నుంచి ఈ అప్పులను కొని, హామీ ఇచ్చి, మదుపరులకు అమ్మడం వల్లే ఇది సాధ్యమవుతోంది. బ్రిటన్‌లో సాధారణంగా రెండేళ్లకో అయిదేళ్లకో మాత్రమే వడ్డీ కట్టుబడి ఉంటుంది. 2022 సెప్టెంబరు నాటి బడ్జెట్ గందరగోళం తరువాత రెండేళ్ల రేట్లు 6 శాతం దాటగా, ఆ సమయంలో గడువు ముగిసిన కుటుంబాల కిస్తులు ఒక్కసారిగా ఎగసిపోయాయి. మన బ్యాంకులకు నిధులు వచ్చేది ఏడాది, రెండేళ్ల డిపాజిట్ల నుంచి. వాటితో 20 ఏళ్ల స్థిరవడ్డీ ఇవ్వడం వారికి ప్రమాదమే. అందుకే స్థిరవడ్డీ అడిగితే చెప్పే రేటు చలనవడ్డీకన్నా బాగా ఎక్కువగా ఉంటుంది. ఆ లోటు రెపో రుణానిది కాదు, మన ఆర్థిక వ్యవస్థలో ఇంకా పెరగవలసిన దీర్ఘకాలిక నిధుల మార్కెట్‌ది.

ఇప్పుడు దిగుదల సంగతి. 2025 ఫిబ్రవరిలో 6.25, ఏప్రిల్‌లో 6, జూన్‌లో 5.50, డిసెంబరులో 5.25. ప్రతి తగ్గింపూ తరువాతి మూడు నెలల మార్పు తేదీకి నా ఖాతాకు చేరింది. ఎవరినీ అడగలేదు, దరఖాస్తు పెట్టలేదు. అన్నయ్య 2009లో ఎదురుచూసి పొందలేకపోయినది నాకు దానంతటదే వచ్చింది. ఈసారి నేను కిస్తును తగ్గించవద్దని రాసి ఇచ్చాను. 2026 జనవరిలో ఆ 18,500లో అసలుకు చేరినది 6,300 పైన. అసలుకు రెండు వందల రూపాయలే చేరిన రోజుల నుంచి ఇక్కడికి వచ్చాం. ఇదే వడ్డీతో ఇలాగే సాగితే, మొదట అనుకున్న గడువుకన్నా రెండేళ్లకు పైగా ముందే అప్పు తీరుతుంది. దిగేటప్పుడు కిస్తు తగ్గించుకోమని శాఖలు చెబుతాయి. ఇంట్లో మరీ ఇబ్బంది లేనివారు ఆ మాట వినకపోవడం మేలు.

లోపాల్లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది స్ప్రెడ్. నాకు 2.85 ఖరారు చేసిన శాఖే కొత్తవారికి అంతకన్నా బాగా తక్కువ స్ప్రెడ్‌తో అప్పు ఇస్తోంది. రెపో ఇద్దరికీ ఒకటే అయినా, అయిదేళ్లుగా ఒక్క కిస్తు తప్పని నాకు వడ్డీ ఎక్కువ, నిన్న వచ్చినవారికి తక్కువ. స్ప్రెడ్ ఇష్టానుసారం పెంచకుండా నిబంధన కాపాడుతుంది గాని, పాతవారికి తగ్గించి తీరాలన్న నిబంధన లేదు. 2025 అక్టోబరు 1 నుంచి, అంతకుముందు మూడేళ్లకు ఒకసారి మాత్రమే మార్చగలిగిన స్ప్రెడ్‌లోని కొన్ని భాగాలను ఆ మూడేళ్లు ఆగకుండానే తగ్గించే స్వేచ్ఛను రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చింది. ఇష్టమైతే తగ్గించవచ్చు, అంతే. నేను రాసిన దరఖాస్తుకు, మార్పిడి రుసుము కడితే పరిశీలిస్తామని జవాబు వచ్చింది. చలనవడ్డీ ఇంటి అప్పును ముందే తీర్చినందుకు వ్యక్తుల నుంచి జరిమానా వసూలు చేయకూడదు కాబట్టి, వేరే బ్యాంకుకు మారడం ఒక దారి. సరిహద్దులో ఆ దారి కూడా ఇరుకే. పాతపట్నంలో అడిగితే, ఒడియాలో ఉన్న ఇవతలి భూమి పట్టాను పరిశీలించే న్యాయవాది తమ జాబితాలో లేరని చెప్పారు. రెపో ఒక్కటే అయిన దేశంలో ఒక నది దాటితే అప్పు మార్చుకోలేకపోవడం సరిదిద్దవలసిన విషయం.

రెండవ లోపం భాష. 2024 అక్టోబరు నుంచి ప్రతి చిల్లర రుణానికీ వడ్డీ, రుసుములు, మొత్తం ఖర్చు ఒక్కచోట చూపే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని ఉత్తర్వులోనే ఉంది. నిరుడు మా తోడల్లుడు అప్పు తీసుకున్నప్పుడు ఆయన చేతికి వచ్చినది ఇంగ్లిషు ప్రతి. తెలుగు అడిగితే లేదన్నారు, ఒడియా అడిగితే తెప్పిస్తామన్నారు. మా అందరికీ ఒడియా మాటలు వచ్చు గాని, వడ్డీ షరతులు చదివి అర్థం చేసుకునేంత ఒడియా అందరికీ రాదు. పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, బరంపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడే రుణగ్రహీతలకు కొదవలేదు. అవతలి జిల్లాలోని అదే బ్యాంకు శాఖల్లో తెలుగు ప్రతి ఉన్నప్పుడు ఇవతలికి తెప్పించడం కష్టమేమీ కాదు. పత్రం మీద సంతకం చేసే ముందు తెలుగులో కావాలని రాతపూర్వకంగా అడగండి. మేమూ ఇప్పుడు అలాగే అడుగుతున్నాం.

ఈ రుణం ఎవరికి తగినది అంటే, కిస్తు మారితే తట్టుకునే కొంత వెసులుబాటు ఉన్న స్థిర ఆదాయం వారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఆదాయం పంట మీదో తుపానుల మీదో ఆధారపడినవారు, తిత్లీ తరువాత ఈ జిల్లా పడిన పాట్లు చూసినవారు, పూర్తి అర్హత మేరకు కాక అందులో మూడో వంతు తగ్గించుకుని అప్పు తీసుకోవడం మంచిది. సరుకుకు అయిదులో నాలుగు ఇస్తాను, నాకు అందిన సేవకు రెండు. శాఖలో పని కాకపోతే ముందు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. గడువును అడగకుండా పెంచిన సంగతి మీ ఖాతాలోనూ కనిపిస్తే, ఫిర్యాదుకు మూడు నెలల కాగితంలోని “మిగిలిన కిస్తులు” అంకెలను రెండు వేర్వేరు తేదీలవి జతచేయండి. నా దరఖాస్తు కదిలినది ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టిన తరువాతే.